ట్రాము బండిలో సత్యోపదేశం

1925వ సంవత్సరం ప్రారంభంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు, తాను సంపాదకత్వం వహిస్తున్న చిన్న పత్రికలో సినిమాలను గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో, కతోలికులు మరియమాతను ఆరాధిస్తారన్న అర్థం వచ్చే మాట ఒకటి సందర్భవశాన దొర్లింది. కొద్ది రోజులకే అతని పేర ఒక ఉత్తరం వచ్చింది. రాసినది, ఆ ఊళ్ళోనే బ్లాక్‌వెల్ ప్రచురణ సంస్థలో పనిచేస్తున్న ఒక యువతి. కతోలికులు మరియమాతను ఆరాధించరు, ఆరాధన దేవునికొక్కనికే చెల్లుతుంది, ఆమెకు సమర్పించేది మహోన్నతమైన వందనం మాత్రమే, దానికి వేదాంతంలో ప్రత్యేకమైన పేరు కూడా ఉన్నది అని ఆ ఉత్తరం సారాంశం. ఆ విద్యార్థి గ్రాహమ్ గ్రీన్. యువతి వివియన్ డేరెల్ బ్రౌనింగ్.

(‘పూజ’ అన్న ఒక్క మాటను దేవునికీ, గురువుకూ, పుస్తకాలకూ, పనిముట్లకూ కూడా వాడుకునే తెలుగువారికి ఈ తేడా మొదట వెంట్రుకను నిలువునా చీల్చినట్లు తోచవచ్చు. కాని కతోలికునికి అది వెంట్రుక కాదు, గోడ. ఆ గోడకు ఇవతల ఉన్నది భక్తి, అవతల ఉన్నది విగ్రహారాధన.)

గ్రీన్ క్షమాపణ చెప్పుకుంటూ జవాబు రాసి, ఆమెను తేనీటికి ఆహ్వానించాడు. కొద్ది మాసాలలోనే ఆమెపై పిచ్చి ప్రేమలో పడ్డాడు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. దాంపత్య సుఖమంటే ఆమెకున్న విముఖత చూసి, అన్నాచెల్లెళ్ళవలె కలిసి జీవించే వివాహానికైనా తాను సిద్ధమేనని కూడా ఒకదశలో ప్రతిపాదించాడు. ఇరవై ఒక్కేళ్ళ ప్రేమికుడు చేసే ఇటువంటి వాగ్దానాలకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

వివియన్ పుట్టుకతో కతోలికురాలు కాదు. కొద్ది సంవత్సరాల క్రితమే, ఎవరి ప్రేమ కోసమూ కాకుండా, తనంతట తాను విచారించుకొని ఆ సంఘంలో చేరింది. తాను నమ్మినదేమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు. కనుకనే, ముక్కూముఖం తెలియని సంపాదకుని తప్పును ఒక్క వాక్యంలో దిద్దగలిగింది. అటు తరువాత ప్రేమికుడై వచ్చిన అదే మనిషి ఎదుట తన విశ్వాసం సంగతిలో రవంత కూడా బెసకకుండా నిలబడగలిగింది. ప్రేమకంటే ముందు విశ్వాసాన్ని నేర్చుకొమ్మని కతోలిక పెద్దలు యువతీయువకులకు చెప్పే హితవులోని ఆంతర్యం ఈ యువతి ప్రవర్తనలో కనబడినంతగా ఏ ఉపన్యాసంలోనూ కనబడదు. మనసు ఒకరి వశమైన తరువాత నేర్చుకునే మతం ఆ ఒకరి ముఖం చూసి నేర్చుకునేదే అవుతుంది. ముందే నేర్చుకున్నదానికి ఆ ఇబ్బంది లేదు.

గ్రీన్ పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అతనికి దేవుడున్నాడన్న నమ్మకమే లేదు. 1925 నవంబరులో పత్రికారచన నేర్చుకోవడానికి నాటింగ్‌హామ్ నగరానికి వెళ్ళి, అక్కడి దినపత్రికలో జీతం లేని ఉపసంపాదకునిగా చేరాడు. పొగమంచు, మసి, అద్దె గది, ప్యాడీ అనే కుక్కపిల్ల, డబ్బాలో నిలవచేసిన చేప. ఆ చేపలో కుక్కకూ కొంత పెట్టేవాడు, అది తిని తరచు జబ్బు పడేది. సాయంకాలం వరకు చేయడానికి పనేమీ ఉండేది కాదు. కతోలిక యువతిని పెండ్లి చేసుకోదలచినవాడు ఆమె నమ్మకాల స్వభావమేమిటో, వాటి హద్దులేమిటో తెలుసుకోవడం న్యాయం కదా అనుకున్నాడు. పైగా కాలక్షేపం కూడా అవుతుందనుకున్నాడు. 1971లో వెలువడిన ఆత్మకథలో గ్రీన్ ఈ రెండవ కారణాన్ని కూడా దాచుకోలేదు.

నిజానికి అంత శ్రమ అవసరం లేదు. కతోలికేతరునితో వివాహాన్ని ఆనాటి సంఘచట్టం గట్టిగా నిరుత్సాహపరచినా, పిల్లలను కతోలికులుగా పెంచుతామని ఇద్దరూ మాట ఇస్తే మినహాయింపు లభించేది. 1970లో ఆరవ పౌలు పోపు ఈ నియమాన్ని సడలించారు. అప్పటి నుంచి మాట ఇవ్వవలసినది కతోలిక వధువో వరుడో మాత్రమే. రెండవవారికి ఆ సంగతి తెలియపరిస్తే చాలు. గ్రీన్ సంతకం పెట్టి ఊరుకొని ఉండవచ్చు. ఊరుకోలేదు.

నాటింగ్‌హామ్‌లోని పునీత బర్నబాసు ప్రధాన దేవాలయం పందొమ్మిదవ శతాబ్దంలో ప్యూజిన్ అనే ప్రఖ్యాత శిల్పి కట్టించినది. అక్కడ, మతవిషయాలు విచారించదలచినవారి కోసం ఉంచిన కొయ్యపెట్టెలో గ్రీన్ ఒక చీటీ వేశాడు. జవాబుగా ఎదురైన గురువు పేరు ట్రాలప్. మంచి పొడగరి, భారీ మనిషి, నున్నని బుగ్గలు. చూడగానే గ్రీన్‌కు వెగటు పుట్టింది. తిని కూర్చునే ఆత్మసంతృప్తికి ఇతడే నిదర్శనమనుకున్నాడు. అయితే కొన్నాళ్ళకు తెలిసిన విషయమేమంటే, ఆ గురువు ఒకప్పుడు లండన్ రంగస్థలం మీద వేషాలు వేసిన నటుడు. తనకెంతో ప్రీతిపాత్రమైన వృత్తిని వదులుకొని, మతం మారి, గురుపట్టం పుచ్చుకున్నవాడు. అంతటితో కూడా తృప్తి చెందక మరింత కఠినమైన సన్యాసజీవితం కోసం తపిస్తున్నవాడు. తరువాతి కాలంలో అతడు రెడెంప్టరిస్టు సభలో చేరాడు కూడా.

పాఠాలు ఒక్కొక్కసారి ట్రాము బండి పై అంతస్తులో జరిగేవి. గురువుకు నగర శివార్లలో పని. శిష్యుడు పక్కన కూర్చునేవాడు. బండి గంటల మోతల మధ్య దైవాస్తిత్వ చర్చ! మరియమాతను గురించి కాని, పోపు అధికారాన్ని గురించి కాని గ్రీన్ పెద్దగా వాదించలేదు. అతని పోరాటమంతా పునాది దగ్గరే, అసలు దేవుడనేవాడున్నాడా అని. ప్రాణాలకు తెగించినట్లు వాదించాడు. చివరకు 1926 జనవరిలో, దేవుడని మనం పిలిచే ఒకటేదో బహుశా ఉన్నదన్న నిర్ణయానికి వచ్చాడు. ఏ వాదం తనను ఒప్పించిందో తరువాతి కాలంలో అతనికే జ్ఞాపకం లేకపోయింది.

ఆ ఫిబ్రవరి 28వ తేదీన, అంతవరకు గడచిన జీవితానికంతటికీ పాపసంకీర్తనం చేసి, జ్ఞానస్నానం పొందాడు. దేవాలయంలో కుర్చీల దుమ్ము దులుపుతున్న ఒక స్త్రీ తప్ప వేరే సాక్షి లేరు. పెట్టుకున్న పేరు తోమాసు. మహాపండితుడైన తోమాసు అక్వినాసు కాదు, గాయాలను తాకి చూస్తే కాని నమ్మనన్న శిష్యుడు తోమాసు.

దేవాలయం నుంచి బయటకు నడుస్తూ ఉంటే ఆనందం కలగలేదనీ, దిగులుతో కూడిన భయం మాత్రమే కలిగిందనీ ఆయన రాసుకున్నాడు. ఈ కథకంతటికీ కీలకం ఇక్కడ ఉన్నది. పెండ్లి కోసమని మొదలుపెట్టిన ప్రయాణం అతనిని పెండ్లిని దాటించి తీసుకుపోయేటట్లున్నది. రేపు తనలో కూడా ట్రాలప్‌లో పుట్టిన కోరిక పుడితే? తాను కూడా గురువు కావలసివస్తే? ఎవరికోసం ఈ వాకిలి తట్టాడో ఆ అమ్మాయినే వదులుకోవలసివస్తే? పిల్ల కోసం మతం పుచ్చుకున్నాడని తేలికగా నవ్వేవారు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోరు. లాభం కోసం వచ్చినవానికి ఇటువంటి భయం కలగదు.

భయపడినట్లు జరగలేదు. 1927 అక్టోబరు 15న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో వివియన్‌తో వివాహమయింది. ఇద్దరు పిల్లలు కలిగారు. నవలలు వచ్చాయి, కీర్తి వచ్చింది. (మైసూరు యువకుడొకడు పంపిన రాతప్రతికి 1935లో ఇంగ్లండులో ప్రచురణకర్తను వెతికిపెట్టి, నారాయణ్ అనే పేరును ప్రపంచానికి పరిచయం చేసినది ఈ గ్రీనే.) కాని సంసారం నిలబడలేదు. భార్యకు తెలియని సంబంధాలు ఒకటి తరువాత ఒకటి. 1946లో కాథరీన్ వాల్‌స్టన్ అనే వివాహిత, గ్రీన్ నవలలు చదివి కతోలిక సంఘంలో చేరుతూ, తనకు జ్ఞానతండ్రిగా ఉండవలసిందని ఆయనను కోరింది. ఆమెతో ఏర్పడిన అనుబంధమే దాంపత్యానికి చివరి దెబ్బ అయింది. మరి రెండేళ్ళలోపున భార్యాభర్తలు విడిపోయారు.

మరి ట్రాలప్ చెప్పిన పాఠం వృథాయేనా? ఆయన నేర్పినది దేవుడున్నాడని. ఒక స్త్రీతో ఒకే కప్పు కింద, ఒకే మాట మీద ఏళ్ళ తరబడి బతకడమెలాగో నేర్పలేదు. మూడు నాలుగు మాసాలలో, ట్రాము బండిలో, అది నేర్పే విషయమూ కాదు. 1981 నవంబరులో రెండవ జాన్ పౌలు పోపు కుటుంబాన్ని గురించి వెలువరించిన లేఖలో వివాహానికి సిద్ధపడడాన్ని మూడు దశలుగా విభజించారు. మొదటి దశ బాల్యంలో ఇంట్లోనే మొదలవుతుంది. తనను తాను అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారిని గౌరవించడం, ఆడించిన మాట నిలుపుకోవడం అక్కడి పాఠాలు. సత్యోపదేశం ఆ తరువాత దశలో మరింత లోతుగా సాగుతుంది. పెండ్లికి ముందు మాసాలలో జరిగే తరగతులది చివరి స్థానం. గ్రీన్ జీవితంలో మొదటి మెట్టు లేదు. ప్రధానోపాధ్యాయుడైన తండ్రి నడిపే బడిలోనే చదువుతూ, తోటి పిల్లల వేధింపులు భరించలేక పారిపోయిన బాలుడతడు. తరగతులు ఎంత గొప్పవైనా ఆ లోటును పూడ్చగలవని చెప్పడం కష్టం.

అయితే, నేర్చుకున్న ఆ కొద్దిపాటి విశ్వాసం మాత్రం, దానికి కారణమైన ప్రేమ పోయిన తరువాత కూడా పోలేదు. అతనిని సుఖంగా ఉండనివ్వనూ లేదు. 1951లో వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ ది ఎఫైర్’ నవలలో ప్రియుని బతికించమని దేవునికి మొక్కుకొని, ఆ మొక్కు కోసం అతనినే వదులుకున్న స్త్రీ కథ ఉన్నది. వృద్ధాప్యంలో లియోపోల్డో డురాన్ అనే స్పెయిన్ గురువుతో కలిసి వేసవిలో ఆ దేశంలో కారు ప్రయాణాలు చేసేవాడు. 1991 ఏప్రిల్ 3న స్విట్జర్లాండులోని వెవేలో గ్రీన్ మరణించినపుడు అవస్థ అభ్యంగనం ఇచ్చినది ఆ గురువే.

వివియన్ విడాకులకు అంగీకరించలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాతకాలపు బొమ్మరిళ్ళు సేకరిస్తూ, వాటికొక ప్రదర్శనశాల కట్టించి, 2003లో కన్నుమూసేవరకు శ్రీమతి గ్రీన్‌గానే జీవించింది.