పిల్లల పళ్లెం కూడా సాగు ప్రణాళికలో భాగమే

ఉదయం ఏడున్నరకు ఏ ఊరి బస్టాండులో నిలబడి చూసినా హైస్కూలుకు, జూనియర్ కాలేజీకి పోయే పిల్లలు కనిపిస్తారు. చాలామంది ఇంట్లో టీ తాగి, రెండు బిస్కెట్లు తిని వచ్చినవాళ్లే. బస్సు వచ్చేలోపు కిరాణా కొట్టులో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొంటారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బండి మీద నూడుల్స్ గానీ ఫ్రైడ్ రైస్ గానీ తింటారు. రాత్రి అన్నానికి పిలిస్తే ఆకలి లేదంటారు. వీళ్లలో ఎక్కువమంది రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. అంటే దేశానికి తిండి పండించే ఇళ్ల పిల్లలు.

మద్దతు ధర, కౌలు రైతుల హక్కులు, ఎరువుల కొరత వంటి సమస్యలు ఉండగా సంపాదకీయం పిల్లల తిండి మీద ఎందుకని కొందరు అడగవచ్చు. ఇవి వేర్వేరు విషయాలు కావన్నదే మా సమాధానం.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో 31 శాతం మందికి ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఎత్తు పెరిగేది, ఎముకలు గట్టిపడేది, ఆడపిల్లలకు నెలసరి మొదలయ్యేది ఈ వయసులోనే. అప్పుడు ఇనుము, మాంసకృత్తులు, కాల్షియం చాలకపోతే పాఠం మీద ధ్యాస నిలవదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆ పిల్ల రేపు తల్లి అయినప్పుడు ఆ లోటు కాన్పులో బయటపడుతుంది. రక్తహీనతకు తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు. కడుపులో నులిపురుగులు, ఇతర జబ్బులూ ఉండవచ్చు. పిల్ల ఎప్పుడూ నీరసంగా ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించాలి. కానీ రోజూ ఇంట్లో పెట్టే తిండి మాత్రం మన చేతిలో ఉన్న విషయం.

పిల్లలు ప్యాకెట్లకు మరిగారని తిట్టడం తేలిక. ముందు మన పొలం వైపు చూసుకుందాం. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నాం. వానాకాలం వరి 60 లక్షల ఎకరాలు దాటింది. ఒకప్పుడు అదే చేలో జొన్న, సజ్జ, కంది, పెసర, బొబ్బర్లు, నువ్వులు కలిసి పండేవి. కొంత అమ్ముకున్నా, ఏడాదికి సరిపడా గింజలు ఇంట్లో ఉండేవి. ఇప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లుకు, వడ్లు కొనుగోలు కేంద్రానికి పోతాయి. పప్పు, నూనె, కూరగాయలు కొట్టులో కొనుక్కుంటాం. చేతిలో డబ్బు లేని నెలలో ముందు తగ్గేది పప్పూ కూరగాయలే.

గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక గునుగు, పొన్నగంటి, గంగవాయిలి కూర వంటివి గట్ల మీద నుంచి పోయాయి. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం కొంగులో కట్టుకొచ్చే ఆ కూరకు పైసా ఖర్చు ఉండేది కాదు. ఇక పాల సంగతి. రెండు గేదెలున్న ఇంట్లో కూడా పాలన్నీ కేంద్రంలో పోసి, టీకి సరిపడా మాత్రమే ఉంచుకుంటున్నాం. వడ్ల మీద పైపొరను తెల్లగా పాలిష్ పట్టించి, విటమిన్లు, పీచు ఉన్న తవుడును గేదెకు పెట్టి, మిగిలిన పిండిపదార్థం పిల్లలకు పెడుతున్నాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు కావలసిన శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతానికి మించకూడదు. మిగతాది పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పాలు, గుడ్లు, పల్లీల వంటి గింజలు, పండ్ల నుంచి రావాలి. మన పళ్లెంలో గుట్టగా అన్నం, పక్కన నీళ్లచారు, కొంచెం పచ్చడి. కడుపు నిండుతుంది, కానీ ఒంటికి కావలసినవి అందవు.

దీన్ని మార్చడానికి కొత్త వంటలు నేర్చుకోనక్కర్లేదు, ఖరీదైన డబ్బా పొడులు కొననక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే. రాత్రి రాగి అంబలి కాచి పెడితే పొద్దున మజ్జిగ కలుపుకొని తాగి బస్సెక్కడానికి ఐదు నిమిషాలు చాలు. దానితో ఒక ఉడికించిన గుడ్డు తింటే మధ్యాహ్నం దాకా చిప్స్ ప్యాకెట్ గుర్తుకు రాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి శనగ గుగ్గిళ్లో, ఉడికించిన పల్లీలో, నువ్వుల ఉండో సిద్ధంగా ఉండాలి. ఆకలితో వచ్చిన పిల్లలు ఎదురుగా ఏది కనిపిస్తే అదే తింటారు. వారానికి మూడు నాలుగు రోజులు పప్పులో తోటకూరో, మునగాకో, గోంగూరో వేయాలి. అందులో నిమ్మకాయ పిండుకుంటే, లేదా తిన్నాక జామకాయ తింటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా అందదు.

పిల్లల్ని బెదిరించి తినిపించలేం. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు కారణం చెబితే అర్థమవుతుంది. ప్యాకెట్ వెనక రాసిన పదార్థాల పట్టీని వాళ్ల చేతే చదివించండి. ఎక్కువ బరువున్న పదార్థం పేరు ముందు రాయాలన్నది నియమం. మైదా, పామాయిల్, చక్కెర ఎన్నో స్థానంలో ఉన్నాయో వాళ్లే చూస్తారు. ఎప్పుడో ఒకసారి తింటే గొడవ చేయకండి. లావనీ, బక్కనీ ఎగతాళి చేయకండి.

ఇంకో మాట మగవాళ్లకు. తెల్లవారుజామున లేచి వంట చేసి, పగలంతా పత్తి ఏరి, రాత్రి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే మనిషి మీద ఈ పని కూడా వేస్తే అది జరిగే పని కాదు. పల్లీలు ఉడికించడం, ఆకుకూర కోసుకురావడం, జొన్నలు పిండి పట్టించుకు రావడం మనం చేయగలిగినవే. ఆడపిల్ల అందరి తర్వాత, మిగిలింది తినే అలవాటు ఏ ఇంట్లో ఉన్నా దాన్ని ఈ రోజే మానాలి. గుడ్డు, పాలు కొడుకుకు ఎంతో కూతురికీ అంతే.

అయితే నెపమంతా ఇంటి మీదే వేస్తే అన్యాయమవుతుంది. జొన్న, కూరగాయలు, పల్లీలు ఎందుకు మానేశామో రైతులకు తెలుసు. కోతులు చేతికి రానివ్వవు, అడవిపందులు మిగలనివ్వవు. పండించినా కొనేవాడు లేడు. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రాగికి రూ. 4,886, హైబ్రిడ్ జొన్నకు రూ. 3,699, కందికి రూ. 8,000. కొనుగోలు కేంద్రం లేని చోట ఆ ధర కాగితం మీదే ఉంటుంది. ఆహార భద్రతా చట్టం వచ్చిన 2013లోనే రేషన్‌లో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ మన రేషన్ షాపులో ఏళ్లుగా అందుతున్నది ప్రధానంగా బియ్యమే.

అందుకే ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. రాగి, జొన్న, కంది, పెసరను మద్దతు ధరకు కొని రేషన్ షాపులకు, సంక్షేమ హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి ఇవ్వాలి. హాస్టళ్లకు కావలసిన కూరగాయలు, గుడ్లు, పాలు ఆ మండలంలోని రైతుల నుంచే కొనాలి. చిరుధాన్యాలు శుభ్రం చేసి పట్టే చిన్న మిల్లులు మహిళా సంఘాలకు ఇవ్వాలి. కోతులు, అడవిపందుల బెడదకు శాశ్వత పరిష్కారం చూపాలి. స్కూలు ఆవరణలో, గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనలు తెచ్చింది. వాటిని అమలు చేయించాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. ఈ వానాకాలం ప్రతి సభ్యుడూ ఇంటి దగ్గరగా, కాపలాకు వీలైన చోట రెండు గుంటలు పిల్లల కోసం విడిచి పెట్టాలని కోరుతున్నాం. అందులో గడ్డిమందు కొట్టొద్దు. ఆకుకూరలు, బొబ్బర్లు, బెండ, టమాట వేయండి. గట్టు మీద ఒక మునగ, ఒక జామ, ఒక బొప్పాయి నాటండి. పత్తిలో కంది సాళ్లు మళ్లీ వేయండి. భూమి లేనివాళ్లు పెరట్లోనో, ఇంటి ముందు బస్తాల్లోనో తోటకూర, పుదీనా పెంచుకోవచ్చు. భూమి ఉన్నవాళ్లు తమ కూలీలకు వాళ్లింటికి సరిపడా కూర కోసుకోనివ్వాలి. ఏ విత్తనం ఎవరి దగ్గర ఉందో గ్రామ కమిటీలు జాబితా రాసి పంచుకోవాలి.

విత్తనాలు కొనే ముందు ఎకరాకు ఎంత దిగుబడి, ఎంత అప్పు, ఎంత ధర అని లెక్క వేస్తాం. ఈసారి ఆ కాగితం మీద ఇంకో వరుస రాద్దాం: ఈ ఏడాది నా పిల్లలు తినడానికి నా పొలం నుంచి ఏమొస్తుంది? ఆ వరుస ఖాళీగా ఉంటే ఇంకా విత్తలేదు కాబట్టి సరిదిద్దుకునే సమయం ఉంది.