మెహర్ కాగితముపై, జోడా చేతిలో

వరునికి ధర ఏర్పడుట మన గ్రామసీమలలో నేటి ముచ్చట కాదు. కాని ఆ ధరను ఎవరు, ఎంతకాలము చెల్లించుచున్నారో లెక్కవేసి చూచినవారు అరుదు. సాహిత్యము బోధించు మాకు లెక్కలతో పని యేమని మిత్రులు నవ్వవచ్చును. ఐనను ఈ లెక్క వేయక తప్పదు.

ఒకప్పుడు అనేక శ్రామిక కులములలో వరుని పక్షమువారే వధువు తలిదండ్రులకు ఓలి ఇచ్చెడివారు. పొలములో పనిచేయు చేతులను పరులింటికి పంపుచున్నందుకు అది పరిహారము. నగదు పంటలు, నెల జీతపు కొలువులు, పట్నపు చదువులు వచ్చిన వెనుక ధనప్రవాహము దిశ మార్చుకొన్నది. స్త్రీ శ్రమకు వెల తగ్గినది. పురుషుని పట్టాకు వెల పెరిగినది.

ఇక మన సమాజము మాట. ఇస్లాం ధర్మమున మెహర్ వరుడు వధువునకు ఇయ్యవలసినది. అది ఆమె సొత్తు, ఆమె తండ్రిది కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము సైతము మెహర్‌ను కట్నముగా పరిగణింపలేదు. ఐతే తెలంగాణ పల్లెలలో తరచు జరుగుచున్నదేమి? మెహర్ నికాహ్‌నామాలో అంకెగా మిగులుచున్నది. జోడా రొక్కము, జహేజ్ సామాను మాత్రము ముందుగానే ముట్టుచున్నవి.

ఒక కౌలు రైతు జోడా కొరకు లక్ష రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. నెలకు 3,000, ఏడాదికి 36,000. మూడేండ్లలో వడ్డీయే 1,08,000 అగును, అసలు అట్లే నిలిచియుండును. వడ్డీ హరామని శుక్రవారపు ఖుత్బాలో విన్న తండ్రియే, సున్నత్ అయిన నికాహ్ కొరకు వడ్డీ వ్యాపారి గడప తొక్కుచున్నాడు. ఆ అప్పు తీరులోపల చిన్న కూతురి చదువు ఆగిపోవుచున్నది.

2014లో తెలంగాణలో ఆరంభమైన షాదీ ముబారక్ సాయము 51,000 రూపాయల నుండి 2018లో 1,00,116కు పెరిగినది. వధువునకు పదునెనిమిదేండ్లు నిండవలెనన్న నిబంధన మేలైనది. కాని వరుని పక్షమువారు ఆ మొత్తమును గూడ తమ కోర్కెలో కలుపుకొన్నచో, పేద తండ్రికి మిగులునదేమి?

జోడా కూతురి వాటాయే కదాయని కొందరి వాదము. షరీఅత్ ప్రకారము తండ్రి ఆస్తిలో కుమార్తెకు కుమారుని వాటాలో సగము కలదు. అది ఆమె చేతికి రావలెను. జోడా చేరునది మామగారి చేతికి. పైగా పెండ్లికి ఖర్చుపెట్టితిమను నెపముతో ఆమె న్యాయమైన వాటాను గూడ సోదరులు ఎగవేయుట కలదు.

ఇట్లు వ్రాయుచున్న మేమును నిర్దోషులము కాము. మా ఎం.ఏ. పట్టా మా వెలను పెంచినది. మా పెద్దలు జోడా రొక్కము లెక్కించుకొనుచుండగా పెద్దల యెదుట మాటాడరాదని మేము మౌనము వహించితిమి. అది మర్యాద యనుకొంటిమి. అది మాకు లాభించిన మౌనమని తరువాత తెలిసినది.

ప్రియ విద్యార్థులారా! నికాహ్ నాటి ఉదయమున ధైర్యము రాదు. సంబంధము మాటలు మొదలుకాకముందే, ఇంటిలో అమ్మీ అబ్బాల యెదుట మీ మాట చెప్పుడు. జోడా వద్దనుడు; మెహర్‌ను మీ శక్తికి తగినంత నిర్ణయించి ఆనాడే ఆమె చేతికి ఇండు. మేము చేయలేని పనిని మీరు చేయగలరనియే ఈ నాలుగు మాటలు.