ఇనుము కట్టు విద్య

భద్రాచలమున 2025 మార్చి 26వ తేదీన కట్టుబడిలోనున్న బహుళ అంతస్తుల భవనమొకటి కుప్పకూలి పనివారు ప్రాణములు గోల్పోయిరి. అందుకు కారణమును తేల్చుట విచారణాధికారుల పని. ఆ తీర్పును మేము ముందుగా చెప్పబోము. మమ్ము వేధించుచున్న ప్రశ్న వేఱొకటి. మన ప్రాంతమున మేడలకును వంతెనలకును ఇనుము వంచి కట్టువారెవరు? వారికి ఆ పని నేర్పినవారెవరు?

చర్ల నుండియు దాని చుట్టునున్న కోయపల్లెల నుండియు మిరప కోతలు, తునికాకు సేకరణ ముగిసిన పిమ్మట పట్టణములకు పోవు యువకుడు ఈ పనిలో ఎట్లు ప్రవేశించునో చూడుడు. తొలుత చువ్వలు మోయును. పిదప బైండింగు వైరు చుట్టును. మేస్త్రీకి దయ గలిగినపుడు రింగులు వంచును. ప్లాను చదువుట మాత్రము వానికెవ్వరును నేర్పరు.

ఇది కేవలము కండబలముతో నెరవేరు పని కాదు. కాంక్రీటు అదుముడునకు ఓర్చును గాని లాగుడునకు ఓర్వదు. లాగుడును భరించునది ఇనుము. గోడ నుండి వెలికి పొడుచుకొని వచ్చు సజ్జాకు ఆ లాగుడు పై భాగమున కలుగును గనుక ముఖ్యమైన చువ్వలు పైననే ఉండవలెను. కాంక్రీటు పోయువారు వానిపై నడచి క్రిందికి త్రొక్కివేసిరా, ఇనుము తూకమునకు సరిపోయినను సజ్జా నిలువదు. భూకంపములకు తట్టుకొనవలెనన్నచో రింగు కొనలను 135 డిగ్రీల వఱకు లోనికి వంచవలెను. మన మేస్త్రీలు 90 డిగ్రీలకు వంచి విడుచుటయే తఱచు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము వణకినది. 2024 డిసెంబరు 4న ములుగు అదరినది. కావున ఇది పుస్తకములలోని చాదస్తము కాదు. కాంక్రీటు పోసిన మఱునాటికి తప్పొప్పుల సాక్ష్యమంతయు దాని లోపల సమాధియగును. న్యాయస్థానములలో తిరుగు మాకు ఇంతకంటె దుర్బలమైన దావా కానరాదు!

ఇందలి లెక్కయు కష్టమైనది కాదు. చువ్వ మందమును మిల్లీమీటర్లలో వర్గించి 162చే భాగించినచో మీటరు బరువు కిలోలలో తేలును. 16 మిల్లీమీటర్ల చువ్వ మీటరునకు 1.58 కిలోలు. పదవ తరగతి చదివిన పిల్లవాడు ఒక పూటలో దీనిని గ్రహింపగలడు.

హైదరాబాదున 1998లో నెలకొల్పబడిన జాతీయ నిర్మాణ సంస్థ ఈ వృత్తిని నేర్పుచున్నది. మంచిదే. కాని ఇంటికి గింజలు తెచ్చు కుఱ్ఱవాడు కూలి మానుకొని అంతదూరము పోయి మాసముల తరబడి ఎట్లు కూర్చుండగలడు? అమెరికాలో 1896లో ఏర్పడిన ఇనుప పనివారి సంఘము తన శిష్యులకు మూడు నాలుగేండ్లు పని నేర్పును. అంతకాలమును వారు జీతము పుచ్చుకొనుచునే నేర్చుకొందురు. మనకు ధనము లేదనరాదు. 1996 నాటి శాసనము కట్టుబడి వ్యయముపై నూటికి ఒకటికి తక్కువ కాకుండ, రెండు మించకుండ సుంకము విధించి దానిని నిర్మాణ కార్మికుల క్షేమమునకై కేటాయించినది. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన కార్మిక స్మృతియు ఆ సుంకమును నిలిపినది.

కనుక శిక్షణ చర్లకే రావలెను. దినకూలి ముట్టవలెను. నేర్పువారిలో ఒకరైనను కోయభాష యెఱిగినవారు కావలెను. పరీక్ష కాగితముపై గాక, వంచిన రింగుపైనను కట్టిన ముడిపైనను జరుగవలెను. ఏండ్ల తరబడి పనిచేసి నేర్చినవారికి ఆ పరీక్ష పెట్టి పత్రము నీయవలెను. అది లేకున్న గల్ఫు కంపెనీల యెదుటను, ఇక్కడి గుత్తేదారుల యెదుటను వారెన్నటికిని సహాయక కూలీలే.

గిరిజనాభివృద్ధి సంస్థ భద్రాచలముననే యున్నది. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహములు కట్టించునపుడు, స్థానిక యువకులను కూలితో శిష్యులుగా చేర్చుకొనవలెనన్న షరతును టెండరులలో వ్రాయుటకు అధికారులకున్న అభ్యంతరమేమి? వచ్చు టెండరు ప్రకటనలో దీనిని చేర్తురా, లేదా యని బహిరంగముగా అడుగుచున్నాము.