నొప్పన్న పాపానికి గోనెసంచి

మొన్న ఆదివారం ఇంకా తెల్లవారకముందే మా పై అంతస్తు వాళ్లు తమ పిల్లిని గోనెసంచిలో వేసి, మూతిని పురికొసతో బిగించి, స్కూటర్ మీద తీసుకెళ్లి బందరు కాలువ గట్టున వదిలేసి వచ్చారు. నాలుగేళ్ల మగపిల్లి. పేరు చింటూ. విజయవాడ ఎండలకు మెట్ల దగ్గర చల్లటి గచ్చు వెతుక్కుని వెల్లకిలా పడుకునేది. పుట్టి బుద్ధెరిగాక వీధిలో అడుగుపెట్టి ఎరగదు. వాన ఎలా ఉంటుందో, వీధికుక్క ఎలా తరుముతుందో, ఆకలేస్తే ఎక్కడ వెతుక్కోవాలో దానికి తెలియదు.

అది చేసిన నేరం ఒక్కటే. శనివారం సాయంత్రం ఆ ఇంటి పదేళ్ల పాప కడుపు కింద చెయ్యి పెట్టి ఎత్తుకోబోతే మణికట్టు మీద కరిచింది.

"పిచ్చి పట్టిందండీ దానికి. అన్నం పెట్టిన చేతినే కరిచింది. ఇంకెలా ఉంచుకుంటాం ఇంట్లో?" అంది ఆవిడ, పొద్దున్నే లిఫ్టు దగ్గర పాల ప్యాకెట్లతో ఎదురుపడి.

"కరవక ముందు రెండు రోజులు ఎలా ఉందండీ?" అని అడిగాను.

"ఏముందీ, అల్లరి ఎక్కువైంది. అస్తమానం ఆ ఇసుక ట్రేలోకి వెళ్లడం, కూర్చోవడం, లేవడం. ఒకసారి బాత్రూమ్ గచ్చు మీద కూర్చుని ఒకటే అరుపు. నాలుగు తగిలిస్తే మంచం కిందికి పోయింది."

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆవిడ చెప్పింది అల్లరి గురించి కాదు. మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోతే కనిపించే లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా అప్పజెప్పింది. మగపిల్లుల్లో ఆ నాళం చాలా సన్నం. జిగురో, ఇసుకలాంటి స్ఫటికాలో అడ్డుపడితే చుక్క కూడా బయటికి రాదు. పొట్టలో సంచి ఉబ్బుతూ పోతుంది. మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. పూర్తిగా మూసుకుపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. అలా ఉబ్బిన పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తితే ఏ ప్రాణి ఊరుకుంటుంది? మనకే కడుపులో పోటు వస్తే డాక్టరు వేలు ఆనించగానే ఆయన చెయ్యి తోసేస్తామే! మనం తోసేస్తే నొప్పి. పిల్లి కరిస్తే పిచ్చి!

అట్టపెట్టె, పాత దుప్పటి పట్టుకుని గట్టు వెంట రోజంతా తిరిగాను. సాయంత్రం ఒక టీ బండి అబ్బాయి చెప్పాడు, పొద్దుటి నుంచి ఏదో పిల్లి సిమెంటు తూము వెనక మూలుగుతోందని. చింటూయే. ఒళ్లు చల్లబడిపోయి ఉంది. డాక్టరు పొట్ట పట్టి చూశారు. మూత్రాశయం బత్తాయి కాయంత, రాయిలా గట్టిగా ఉంది. ఆయన వేళ్లు అక్కడ నొక్కినప్పుడు అది కరవలేదు. తల తిప్పి చూసింది, అంతే. కరిచే ఓపిక కూడా దానికి మిగల్లేదు. గొట్టం వేశారు, సెలైన్ పెట్టారు, ఆ రాత్రంతా ఆయన ఇంటికి వెళ్లకుండా కూర్చున్నారు. సోమవారం తెల్లవారుజామున పోయింది. "శుక్రవారం తెచ్చి ఉంటే బతికేదమ్మా" అన్నారు చేతులు కడుక్కుంటూ.

శుక్రవారం ఆ ఇంట్లో నలుగురు మనుషులున్నారు. నలుగురూ దాని అరుపు విన్నారు.

నా కోపం ఆ ఒక్క ఇంటి మీద కాదు. ఆ ఇంట్లోవాళ్లు దుర్మార్గులు కారు. నాలుగేళ్లు చేప తెచ్చి పెట్టారు, పండక్కి మెళ్లో గంట కట్టారు. కానీ పిల్లి కరిస్తే ఎందుకు కరిచిందని అడగాలన్న ఆలోచనే వాళ్లకు రాలేదు. వాళ్లకే కాదు, ఇళ్లలో పిల్లుల్ని పెంచుకునే మనలో ఎంతమందికి వస్తోంది? పిల్లికి విశ్వాసం ఉండదు, అది కుక్క కాదు, ఎప్పటికైనా కరిచేదే అని చిన్నప్పుడే చెవిలో పోసేశారు. ఎదురొస్తే అపశకునమన్నారు. పనికిరానప్పుడు సంచిలో వేసి ఏరు దాటించడం మన పల్లెల్లో తాతల నాటి అలవాటు, ఇప్పుడు అపార్ట్‌మెంట్లకూ వచ్చింది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని సామెత చెప్పుకున్న జాతి మనది. భయపెడితే ఏమవుతుందో మన ముత్తాతలకు తెలుసు. తెలిసీ, గదిలో పెట్టి కొడుతూనే ఉన్నాం.

నా ఇంట్లో జరిగిందీ చెప్పాలి. ఎనిమిదేళ్ల క్రితం మా పిల్లి చెంప మీద చెయ్యి వేస్తే బుస్సుమనడం మొదలుపెట్టింది. ఒకరోజు గిన్నె దగ్గర మా అత్తగారి చెయ్యి రక్కింది. ఒక క్లినిక్కుకి తీసుకెళ్లాను. అక్కడున్నాయన దాని నోరు తెరిచి చూడలేదు. బుట్టలోంచి బయటికైనా తీయమనలేదు. "పిల్లి కదమ్మా, అలాగే ఉంటుంది" అని విటమిన్ మందు రాసి పంపారు. మూడు నెలలు దాన్ని తిట్టుకుంటూ గడిపాను. రెండో డాక్టరు మత్తిచ్చి నోరు చూస్తే దవడ పన్నొకటి చిగురు లోపలికి కుళ్లిపోయి ఉంది. తీసేశాక వారం తిరక్కుండానే మా అత్తగారి ఒళ్లో పడుకుంది. ఆ మూడు నెలలూ అది తిన్న ప్రతి ముద్దా నొప్పితోనే మింగిందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. తాను వేటాడుతుంది, తనకంటే పెద్దవాటికి ఆహారమూ అవుతుంది. బలహీనంగా కనిపిస్తే బతకదు. అందుకే ఓర్చుకోగలిగినంత కాలం కుంటదు, మూలగదు, మూల చూసుకుని ముడుచుకుంటుంది. మంచి పిల్లి ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే మొదట అనుమానించాల్సింది దాని ఒంటిని. వయసు మీరినవాటికి కీళ్ల నొప్పులుంటాయి, నడుం మీద చెయ్యి వేస్తే ఓర్చుకోలేవు. పదేళ్లు దాటాక కొన్నింటికి థైరాయిడ్ పెరుగుతుంది, ఎంత తిన్నా చిక్కిపోతూ చీటికీ మాటికీ విసుక్కుంటాయి. ఇవేవీ బెత్తంతో తగ్గవు. రక్తం పరీక్షతో, ఎక్స్‌రేతో తెలుస్తాయి, మందుతో తగ్గుతాయి.

ఒంట్లో బాగానే ఉండి కరిచేవీ ఉన్నాయి. వాటి వెనకా మనమే ఉన్నాం. చింటూను ఆ ఇంటికి తెచ్చినప్పుడు దానికి అయిదు వారాలు. తల్లి దగ్గర పాలు తాగాల్సిన వయసు. రెండో వారం నుంచి ఏడో వారం దాకా పిల్లికూన మనసులో మనుషులంటే ఎవరు, ఏది ప్రమాదం, ఏది కాదు అన్నది గట్టిపడే కాలం. తోడబుట్టినవాటితో కుస్తీ పడుతూ, గట్టిగా కరిస్తే అవతలిది కీచుమని ఆట ఆపేస్తే, ఎంత కరవచ్చో ఎక్కడ ఆపాలో నేర్చుకుంటుంది. ఆ బడి నుంచి మధ్యలో లాగేసి అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. 8 వారాలు నిండని కూనను దుకాణంలో అమ్మకూడదని 2018లోనే పెట్ షాపుల నియమాలు వచ్చాయి. అమ్మేవాడు వయసు చెప్పడు, కొనేవాడు అడగడు, తనిఖీ చేయాల్సినవాళ్లు ఆ వీధికి రారు. ఇంటికి తెచ్చాక మనం వేళ్లు ఆడించి కరిపించుకుని మురిసిపోతాం. పాలపళ్లతో కొరికితే చక్కిలిగింతలా ఉంటుంది కదా! ఏడాది తిరిగేసరికి అదే పిల్లి, అదే ఆట, అవే వేళ్లు. ఈసారి రక్తం వస్తుంది. నేర్పినవాళ్లం మనం. దెబ్బలు దానికి. కర్రకు కట్టిన ఈకనో, గుడ్డ ఎలుకనో ఆడించి ఉంటే దానికి చెయ్యి ఎప్పుడూ వేట కాకపోను.

చెప్పకుండా కరిచిందంటారు. చెబుతుంది, చూసే ఓపిక మనకు లేదు. ఒళ్లో పడుకున్న పిల్లి గురగుర ఆపుతుంది. తోక కొస పటపటా కొట్టడం మొదలవుతుంది. చెవులు పక్కకు వాలతాయి, వీపు మీద చర్మం అలలా కదులుతుంది, కనుపాపలు నల్లగా పెద్దవవుతాయి. ఇన్ని చెప్పాక, అప్పటికీ చెయ్యి తీయకపోతే, అప్పుడు పన్ను దించుతుంది. ఎదుటిమనిషి ఇన్నిసార్లు వద్దంటే మనం ఆగమా?

ఇంకొకటి చాలా ఇళ్లలో జరుగుతుంది, ఎవరికీ అర్థం కాదు. ప్రహరీ గోడ మీద వీధి గండుపిల్లి వచ్చి కూర్చుంటుంది. లోపల కిటికీ దగ్గర మన పిల్లి ఒళ్లంతా ఉబ్బించి, గొంతులో గుర్రుమంటూ ఉంటుంది. దాని మీదికి దూకే దారి లేదు. సరిగ్గా అప్పుడు మనం ముద్దు చేయబోతాం. ఆ కోపమంతా మన చేతి మీద తీరుతుంది. ఆ వేడి గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటిదాకా తగ్గదు. చేయాల్సిందల్లా పరదా వేసి, దీపం తగ్గించి, దాని మానాన దాన్ని వదిలేయడం. ఇంట్లో రెండు పిల్లులుంటే విడదీసి వేరే గదుల్లో ఉంచడం, చల్లబడ్డాక ఒకదాని గుడ్డ వాసన ఇంకోదానికి చూపిస్తూ నెమ్మదిగా కలపడం. మనం చేసేదేమిటి? చీపురు తీసుకుని వెంటపడతాం. భయంతో ఉన్న జంతువుకు ఇంకొంచెం భయం పెట్టి, అది శాంతించలేదని ఫిర్యాదు చేస్తాం. మగపిల్లికి వేళకు ఆపరేషన్ చేయిస్తే గోడల మీద కొట్లాటలు చాలామటుకు తగ్గిపోతాయి. అదీ వాయిదా వేస్తాం.

ఆ పాప సంగతి చెప్పకపోతే నా కోపానికి అర్థం లేదు. ఆదివారం నేను చూసేసరికి మణికట్టు మీద రెండు చిన్న గాట్లు, పైన పసుపు. చుట్టూ ఎర్రగా వాచింది. పిల్లి పళ్లు సూదుల్లాంటివి. పైకి చిన్న రంధ్రమే, నోట్లో క్రిములు మాత్రం కండరం దాకా దిగుతాయి, ఒక్క రోజులో చీము పట్టొచ్చు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది. సూదిమందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. కరిచిన పిల్లిని 10 రోజులు కళ్ల ముందు ఉంచుకుని గమనించమని డాక్టర్లు చెబుతారు. పాప భద్రత కోసమే వదిలేశామన్న ఆ తండ్రి, పాప భద్రత కోసం ఇంట్లో ఉంచుకోవాల్సినదాన్నే కాలువ గట్టున పారేశాడు. పాపకు సూది మాత్రం వేయించలేదు. నేను గొడవపడితే వెళ్లారు.

చట్టం ఏమంటుందని అడిగాను, తెలిసిన లాయరు గారిని. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయలకు తక్కువ కాకుండా, 50 రూపాయలకు మించకుండా. చంపితే, అవిటిని చేస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు వేయొచ్చు. సంచిలో కట్టి వదిలేస్తే మాత్రం 50 రూపాయలు. ఆ సంచి ఖరీదుతో సమానం. దశాబ్దాలు గడిచాయి ఈ అంకెలు రాసి. జీవుల పట్ల దయ ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51-ఎ అధికరణం రాసుకున్న దేశంలో, ఆ దయకు మనం కట్టిన వెల ఇది.

చింటూ గంట నా దగ్గరే ఉంది. డాక్టరు మెడ నుంచి విప్పి ఇచ్చారు. తిరిగి ఇద్దామని పైకి వెళ్తే పాప తలుపు తీసింది. చేతికి కట్టు ఉంది. "చింటూ కాలువ దగ్గర వేరే ఇంటికి వెళ్లిపోయిందట కదా ఆంటీ?" అంది. ఆ పిల్లకు నేనేం చెప్పను? గంట గుప్పిట్లోనే పట్టుకుని దిగి వచ్చేశాను.

పిల్లిని పెంచుకుంటున్న ప్రతి ఇంటికీ చేతులెత్తి అడుగుతున్నాను. మీ పిల్లి కరిస్తే సంచి వెతక్కండి, డాక్టరు నంబరు వెతకండి. మీ మగపిల్లి ఇసుక ట్రే చుట్టూ తిరుగుతూ, కూర్చుని లేస్తూ, ట్రే పొడిగానే ఉంటే, అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దాం అనుకోకుండా బయల్దేరండి.