మీ డాబాకు సోలార్ పలకలు లాభమేనా?

ఈపాటికి మీ వీధిలోనూ ఒకటి రెండు డాబాల మీద నల్లని సోలార్ పలకలు వెలసి ఉంటాయి. "ఇక కరెంటు బిల్లు సున్నా" అన్న ప్రకటన చూసి, అప్పు చేసైనా పెట్టిద్దామని మీ ఇంట్లో మాట వచ్చి ఉండవచ్చు. నన్నడిగితే, మన తెలుగునాట ఈ ప్రశ్నకు జవాబు ఎండలో లేదు. నీడలో ఉంది, మీ కరెంటు బిల్లులో ఉంది.

ఎండకు మనకేం కొదవ? శ్రీకాకుళమైనా అనంతపురమైనా, కాస్త హెచ్చుతగ్గులతో, 1 కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అంటే నెలకు 120. మే నెలలో ఇంకా విపరీతంగా ఇస్తాయనుకోకండి. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. పలక వేడి 25 డిగ్రీలు దాటితే ఒక్కొక్క డిగ్రీకి దాని ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది.

ఇక నీడ సంగతి. డిసెంబరు 21న హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 2 మీటర్ల ఎత్తున్న నీళ్ళ ట్యాంకు నీడ ఉత్తరానికి 1.7 మీటర్లు పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. పలకలను గొలుసులా ఒకదానికొకటి కలుపుతారు కనుక, ఒక్కదాని మీద నీడ పడినా మిగతావాటి కరెంటు కూడా తగ్గవచ్చు.

అందుకని డిసెంబరులో ఒక ఆదివారం సుద్దముక్క పట్టుకుని, పెద్దవాళ్ళతో కలిసి డాబా ఎక్కండి. 9 గంటలకు, 12 గంటలకు, 3 గంటలకు నీడల అంచులు గీయండి. మూడుసార్లూ నీడ తగలని చోటు 10 చదరపు మీటర్లు మిగిలితే 1 కిలోవాట్‌కు చాలు. పక్క స్థలం ఖాళీగా ఉంటే మాత్రం, రేపు అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తాయో మీ సుద్దముక్క చెప్పలేదు!

తరువాత బిల్లు తీయండి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుందని మీకు తెలుసు. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో కేంద్ర ప్రభుత్వం మొదటి 2 కిలోవాట్లకు, కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున రాయితీ ప్రకటించింది. రాయితీ పోగా మీ చేతి నుంచి 40,000 పడిందనుకుందాం. ఆదా అయ్యే యూనిట్ 8 రూపాయలదైతే నెలకు 960 మిగులుతుంది. మూడున్నరేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది. పలకలు పాతికేళ్ళు పనిచేస్తాయి కనుక ఏసీలు తిరిగే ఇంటివారు ఆలోచించనక్కరలేదు.

యూనిట్ 3 రూపాయలదైతే? నెలకు 360. నూటికి రూపాయి వడ్డీకి అప్పు తెస్తే నెల వడ్డీయే 400! అసలు నెలకు 60 యూనిట్లే కాలే ఇంట్లో ఆ 360 కూడా మిగలదు. తెలంగాణలో 2024లో వచ్చిన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా పొందే ఇంటికి మిగిలేది ఇంకా తక్కువ.

అలాంటి ఇంటివారు నా సలహా అడిగితే, ముందు పాత ఫ్యాను మార్చమంటాను. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల కొత్తరకం ఫ్యానుకు 11 చాలు.