వంట నచ్చింది, మరి వండినవారో?

కర్నూలులో పొద్దున్నే టిఫిన్ అంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. కడపలో అయితే ఎర్రకారం, పప్పులపొడి పూసిన కారం దోసె. మధ్యాహ్నం రాగి సంగటి, రాత్రికి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి. రంజాన్ నెలలో సాయంత్రం కర్నూలు పాతబస్తీకి వెళ్తే, హలీం కోసం అన్ని మతాలవాళ్లూ నిలబడి ఉంటారు.

ఊరిని తెలుసుకోవాలంటే ఆ ఊరి వీధుల్లో తిని చూడాలంటారు. ఈ రెండు ఊళ్లలో ఎన్ని రకాల మనుషులో అన్ని రకాల రుచులు. కర్నూలును 1839 దాకా నవాబులు ఏలారు. 1953 అక్టోబర్ 1న అది ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కోస్తా ఉద్యోగులు తరలివచ్చారు, డేరాల్లోనే కచేరీలు నడిచాయి. కడపలో 1822లో లండన్ మిషనరీ సొసైటీ సువార్తసేవ మొదలైంది. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చే ఆనవాయితీ నేటికీ ఉంది. ఇంతమంది కలిసి బతుకుతున్న ఊళ్లివి.

అయితే ఇతరుల వంట తినడం వేరు, ఇతరులతో కలిసి తినడం వేరు. మొదటిదానికి జేబులో డబ్బుంటే చాలు. రెండోదానికి మనసుండాలి. పాతబస్తీ హలీం రుచిని మెచ్చుకునే మనలో ఎంతమందిమి అక్కడొక ఇంట్లో చాప మీద కూర్చుని భోంచేశాం? వాళ్లను మన ఇంటికి ఎన్నిసార్లు పిలిచాం?

ఆదిమ సంఘాన్ని కుదిపేసిన వివాదం కూడా భోజనం దగ్గరే పుట్టింది. రోము, అలెగ్జాండ్రియాల తర్వాత ఆ సామ్రాజ్యంలో అంతటి నగరం అంతియొకయ. యూదులు, గ్రీకులు, సిరియావాళ్లు అక్కడ పక్కపక్కనే బతికేవారు. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులన్నది ఆ ఊళ్లోనే (అపొ.కా. 11:26). అక్కడ పేతురు అన్యజనులతో కలిసి హాయిగా భోంచేసేవాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. అతన్ని చూసి బర్నబా కూడా తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే పేతురును నిలదీశాడు (గలతీ 2:11-14). ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని దర్శనంలో నేర్చుకుని, కొర్నేలీ గడప తొక్కిన పేతురే అతను! అతనికి పేచీ కూరతో కాదు, చూసేవాళ్లతో.

'మరి విగ్రహార్పితం మాటేమిటి?' అని కొందరు విశ్వాసులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా తినమనీ, ఇది అర్పితమని ఎవరైనా చెబితే మానుకోమనీ పౌలు దారి చూపించాడు (1 కొరింథీ 10:27, 28). ప్రసాదం వద్దనడం ఒక విషయం, పొరుగువాణ్ణి వద్దనడం మరో విషయం. మొదటిది మనస్సాక్షి, రెండోది అహంకారం.

ఈ మాట మనకే ఎక్కువ తగులుతుంది. టీ కొట్టులో వేరే గ్లాసు, పెళ్లిలో ఎడంగా వేసిన విస్తరి మన తాతలెందరో చవిచూసినవే. ఆ అవమానం నుండి లేవనెత్తిన సువార్తే మన సంఘాలను కట్టింది. అలాంటి మనమే ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపొంది, గుడి మెట్లు దిగగానే 'వాళ్లేవరు, మనమేవరు' అని కులం ఆరా తీస్తే? పెళ్లి సంబంధాల దగ్గర, విందు పంక్తుల దగ్గర పాత గీతలే మళ్లీ గీస్తే? పౌలు ఇవాళ మన పేరు కూడా అడుగుతాడు.

గడప అన్న మాట నుండే కడప పేరు వచ్చిందంటారు. గడప ఉన్నది దాటడానికే. రంజాన్‌కు సేమ్యా పంపిన పొరుగింటికి ఈ క్రిస్మస్‌కు కేకు పంపించి ఊరుకోకండి. ఆ ఇంటివాళ్లను పిలిచి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. మన సంఘంలో ఇంతవరకు మన ఇంటి సంగటి ముద్ద ముట్టని సోదరుడు ఎవరో ఈ ఆదివారమే గుర్తు చేసుకోండి. సుంకరులతో, పాపులతో కూర్చుని తిన్నాడని నింద మోసిన ప్రభువు ఆ పంక్తిలోనే ఉంటాడు.