మంద్రస్వరపు గిటారు

పసుపు అమ్మిన సొమ్ము చేతికి వచ్చినవేళ ఆర్మూరు ప్రాంతపు టిండ్లలో ఆడపిల్ల గిటారు కోరినచో, ఏదో యొకటి కొనిపెట్టుట తగదని మా యభిప్రాయము. పిల్ల గొంతు మంద్రమైనచో దానిని పైకిలాగి పాడింపరాదు; వాద్యమునే దిగువ శ్రుతికి తేవలెను.

పురుషుల తంబురా స్త్రీల తంబురాకంటె పొడవేలనో మీరెఱుగుదురు: పొడవైన తీగ మంద్రముగ పలుకును. బారిటోను విద్యుత్ గిటారు మర్మమును ఇదియే. సామాన్య విద్యుత్ గిటారున మేరువునుండి గుఱ్ఱమువఱకు తీగ సుమారు 25½ అంగుళములు. దీనియందు 27 మొదలు 30. శ్రుతి సాధారణముగ అయిదు అర్ధస్వరములు దిగును. పొడవు హెచ్చినకొలది మెట్లు ఎడమగును గనుక చిన్నచేతులకు 27 అంగుళములదే మేలు.

క్రొత్తది కొనలేనివారు, దానంత బిగువు రాకున్నను, ఉన్నదానినే మార్చుకొనవచ్చును. సన్నతీగలనే వదులుచేసినచో అవి మెట్లపై గలగలలాడును. అంగుళములో వెయ్యింట 46 వంతులుండు లావుతీగకు బదులు 60కి మించినది వేసి, తక్కిన తీగలను ఆ మేరకే లావుచేయవలెను. మేరువు గాడులు వెడల్పుచేయించి, దండి వంపు సరిచూపింపవలెను. పండ్రెండవ మెట్టున నొక్కిన స్వరము, అచ్చటనే నొక్కక తాకి పలికించిన స్వరముతో కలియునట్లు గుఱ్ఱమును జరుపవలెను.

బిడ్డ గొంతు దైవదత్తము. దానికి తగిన వాద్యము నమర్చుటయే మన పని.